డబ్బున్న కార్పొరేటరా, బస్తీ కార్పొరేటరా: ఏది మేలు?

హైదరాబాద్ మహానగర కార్పొరేషన్ (జీహెచ్‌ఎంసీ) పాత కౌన్సిల్ గడువు 2026 ఫిబ్రవరిలో ముగిసింది. శివారు మున్సిపాలిటీలు కలిసి డివిజన్లు 150 నుంచి 300 అయ్యాయి. అప్పట్నుంచీ తెలిసినవాళ్లు, తెలియనివాళ్లు నన్ను అడుగుతున్నది ఒకటే. తమ డివిజన్‌లో ఒకాయన వెంచర్లు, ఫంక్షన్ హాళ్లు ఉన్న పెద్దమనిషి. ఇంకొకాయన ఏళ్లకేళ్లు జెండా మోసిన బస్తీ మనిషి. ఎవరికి వేయాలి? అడిగినవాళ్లే సగం మంది జవాబు కూడా చెప్పేస్తారు: "డబ్బున్నాయనకేం తక్కువ అన్నా, తినాల్సిన అవసరమేముంది?"

ఈ మాటను చాలామంది నిజమనే అనుకుంటారు. నాకు మాత్రం అనుమానం.

ముందు లెక్క చూద్దాం. 2015లో పెంచాక కార్పొరేటర్ గౌరవ వేతనం నెలకు 6,000 రూపాయలు. అయిదేళ్లకు మూడు లక్షల అరవై వేలు. 2020 ఎన్నికల్లో అభ్యర్థికి అనుమతించిన ఖర్చు 5 లక్షలు. అంటే పరిమితికి లోబడి, పైసా దొంగ ఖర్చు లేకుండా గెలిచినవాడు కూడా అయిదేళ్ల వేతనంతో పెట్టిన డబ్బు రాబట్టుకోలేడు. ఆ 5 లక్షల్లో ఎన్నిక అయిపోతుందని నమ్మేవాళ్లు ఎక్కడైనా ఉంటే నాకు చూపించండి. కాబట్టి పోటీకి దిగిన ప్రతివాళ్లకీ వేతనం కాని కారణం ఒకటి ఉంటుంది. అది సేవ కావచ్చు, పరువు కావచ్చు, రేపటి ఎమ్మెల్యే టికెట్ కావచ్చు, వ్యాపారం కావచ్చు. ఉన్నవాడికైనా లేనివాడికైనా ఇది తప్పదు. 'అవసరం లేదు' అన్న మాట వేతనం వరకే నిజం.

అయినా డబ్బున్నవాళ్ల వైపు మంచి లేదని కాదు. మీరు రెండో అంతస్తు స్లాబ్ పోస్తున్న రోజున వాళ్ల మనుషులు బైక్ మీద వచ్చి నిలబడరు. యాభై వేల కోసం మీ సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ) కొలవరు, అంత చిన్న మొత్తానికి వాళ్లకు తీరిక ఉండదు. ఎమ్మెల్యే ముందు చేతులు కట్టుకోవాల్సిన పని ఉండదు. డిప్యూటీ కమిషనర్ ఫోన్ ఎత్తుతారు. పార్టీ మారాల్సి వచ్చినా ఎవరి అప్పూ అడ్డు రాదు (ఇది మంచో చెడో మీరే తేల్చుకోండి).

ఈ వాదనకు అందరూ చూపించే సాక్ష్యం న్యూయార్క్ మేయర్‌గా 2002 నుంచి 2013 చివరి దాకా చేసిన మైకేల్ బ్లూమ్‌బర్గ్. ఏడాదికి ఒక్క డాలర్ జీతం తీసుకున్నాడు. మూడు ఎన్నికలకూ కలిపి సొంత జేబులోంచి పాతిక కోట్ల డాలర్లకు పైగా పెట్టాడు. చందాలు ఇచ్చినవాళ్లు లేరు కాబట్టి బాకీ తీర్చాల్సినవాళ్లూ లేరు. 2003లో బార్లలో, హోటళ్లలో పొగతాగడం ఆపించాడు, ఏ ఫిర్యాదుకైనా 311 అనే ఒకే ఫోన్ నంబర్ పెట్టాడు. చందాల మీద ఆధారపడ్డ మేయర్‌కు ముఖ్యంగా మొదటిది అంత సులభం కాదు.

అదే మనిషి, రెండు పర్యాయాలే అని న్యూయార్క్ ప్రజలు ఓటు వేసి పెట్టుకున్న పరిమితిని 2008లో కౌన్సిల్ చేత 29-22 ఓట్ల తేడాతో మార్పించి మూడోసారి నిలబడ్డాడు. ఆయన దగ్గర విరాళాలు తీసుకున్న సంస్థల్లో కొన్నింటిని ఆయన మనుషులు ఆ మార్పుకు మద్దతు పలకమని అడిగారని అక్కడి పత్రికలే రాశాయి. 2009లో పది కోట్ల డాలర్లకు పైగా ఖర్చు పెట్టి అయిదు శాతం లోపు తేడాతో గెలిచాడు. మరుసటి ఏడాదే ప్రజలు మళ్లీ ఓటు వేసి పాత పరిమితిని తెచ్చుకున్నారు. దారినపోయే నల్లజాతి, లాటినో యువకులను పోలీసులు ఆపి సోదా చేసే పద్ధతిని ఆయన గట్టిగా సమర్థించాడు. అది అమలవుతున్న తీరు రాజ్యాంగ విరుద్ధమని 2013లో కోర్టు చెప్పింది. ఆయన క్షమాపణ చెప్పింది 2019లో, అధ్యక్ష పదవికి పోటీ పడబోయే ముందు.

ఇన్ని విమర్శలు వచ్చినా, వాటిలో పెద్దవి లంచాల గురించి కావు. కారణం ఆయన మంచితనమే అనుకోనక్కర్లేదు. ఆయన సంపద వచ్చింది వాల్‌స్ట్రీట్ కంపెనీలకు మార్కెట్ సమాచారం ఇచ్చే యంత్రాల నుంచి. ఇంకో యంత్రం అమ్ముడుపోవాలంటే న్యూయార్క్ టౌన్ ప్లానింగ్ వాళ్ల సంతకం అక్కర్లేదు.

నా దృష్టిలో అసలు విషయం ఇదే. అభ్యర్థికి ఎంత ఉంది అన్నదానికన్నా, ఉన్నది ఎక్కడుంది అన్నది చూడాలి. కార్పొరేషన్ తీసుకునే నిర్ణయంతో పెరిగే ఆస్తి అయితే ఆయన 'తినడు' అన్న మాటకు అర్థమే మారిపోతుంది.

హైదరాబాద్‌లో మున్సిపల్ రాజకీయాల్లోకి వచ్చే డబ్బుకు ఎక్కువగా భూమి వాసన ఉంటుంది. వెంచర్లు, అపార్ట్‌మెంట్లు, ఫంక్షన్ హాళ్లు, ప్రైవేటు కాలేజీలు: అన్నిటి కిందా ఉన్నది స్థలమే. ఇక్కడ స్థలం విలువ ఎలా పెరుగుతుందో చూడండి. 2006లో ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి, అంటే ప్లాటు సైజుకు ఇన్ని రెట్లు మాత్రమే కట్టాలన్న లెక్క, ఎత్తేశారు. ఎంత ఎత్తు లేపవచ్చో ప్లాటు సైజు, దాని ముందున్న రోడ్డు వెడల్పు తేలుస్తాయి. 2012లో వచ్చిన జీవో 168 కూడా అదే పద్ధతి. 30 అడుగుల రోడ్డు మీద టవర్ లేవదు. అదే రోడ్డు వంద అడుగులకు పెరుగుతుందని కాగితం మీద గీత పడిందంటే చాలు, ఇటుక పేర్చకుండానే స్థలం రేటు మారిపోతుంది. ఏ రోడ్డు ముందు వెడల్పు చేయాలి, ఏది తర్వాత అన్న ప్రతిపాదనలు స్టాండింగ్ కమిటీ ముందుకు వస్తాయి. ఆ కమిటీలో కూర్చునేది కార్పొరేటర్లే. వాళ్లను ఎన్నుకునేదీ కార్పొరేటర్లే.

చెరువు సంగతీ అంతే. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు నిలిచే హద్దు) నుంచి 30 మీటర్లు బఫర్, అంటే కట్టడాలు లేని పట్టీ, వదలాలి. అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు. అంటే చెరువు విస్తీర్ణం కాగితంలో కాస్త తగ్గితే, చుట్టూ 21 మీటర్ల పట్టీ కట్టుకోవడానికి పనికొచ్చే స్థలం అవుతుంది. ఆ గీత గీసేది కార్పొరేటర్ కాదు, నిజమే. ఇరిగేషన్, రెవెన్యూ, హెచ్‌ఎండీఏ (మహానగర అభివృద్ధి సంస్థ) అధికారులు గీస్తారు. కానీ సర్వేకి వచ్చినవాళ్ల వెంట ఎవరు నడుస్తారు, అభ్యంతరాల గడువు ఉన్నట్టు ఎవరికి తెలుస్తుంది, ఎవరికి తెలియకుండా పోతుంది అన్న చోట స్థానిక పెద్దమనిషి మాట పనిచేస్తుంది. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా కూల్చివేతలు మొదలయ్యాక జనమంతా ఎఫ్‌టీఎల్ అనే మాట నేర్చుకున్నారు. స్థలాల వ్యాపారం చేసేవాళ్లకు అది ఎప్పట్నుంచో తెలిసిన మాట.

కార్పొరేషన్‌తో కాంట్రాక్టు ఉన్నవాడు సభ్యుడిగా ఉండకూడదని చట్టం చెబుతుంది. డివిజన్‌లో పాతిక ఎకరాలు ఉన్నవాడు ఉండకూడదని ఏ చట్టమూ అనదు, అనడం కుదరదు కూడా. అందుకే దీన్ని ఓటరే చూసుకోవాలి. బస్తీ కార్పొరేటర్ స్లాబ్ మీద తీసుకున్న యాభై వేలు సాయంత్రానికల్లా గల్లీ మొత్తానికి తెలుస్తాయి, తిట్టుకుంటాం. రోడ్డు గీత పది అడుగులు అటు జరిగితే, ఇల్లు పోయేవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. వాళ్లకు కూడా నోటీసు వచ్చాకే.

ఇక బస్తీ మనిషి. ఈయన్ను పొగడటానికి నాకు తొందరేమీ లేదు. స్లాబ్ డబ్బులు, బోరు వేస్తే డబ్బులు, కాంట్రాక్టర్ దగ్గర పర్సంటేజీ: ఇవన్నీ వినపడేది ఎక్కువగా ఈ రకం మీదే. టికెట్ ఇచ్చిన ఎమ్మెల్యేకు ఎదురు చెప్పలేడు. కౌన్సిల్‌లో ఎజెండా కాగితాలు చదివి ప్రశ్న వేసేవాళ్లు వీళ్లలో తక్కువే.

కానీ ఆయనకు దాక్కునే చోటు లేదు. గేటూ వాచ్‌మనూ లేని ఇంట్లో ఉంటాడు. పొద్దున్నే డ్రైనేజీ పొంగితే ఆడవాళ్లు తలుపు కొడతారు. ఏ మ్యాన్‌హోల్ ఎందుకు నిండుతుందో, నాలా మీద ఎవరు గోడ కట్టారో ఆయనకు కంఠస్థం. ఓట్లు వేసేది ఎవరో కూడా తెలుసు. 2020లో పోలింగ్ 46 శాతం చిల్లర. కాలనీల్లో సగం మంది ఇంట్లో పడుకున్న రోజున బస్తీ వాళ్లు లైన్‌లో నిలబడ్డారు. వాళ్లకు కోపం వస్తే ఈయన పని అంతటితో సరి.

మా వైపు రెండు రకాల వాళ్లనూ చూశాం. ఎండాకాలం నీళ్లు రాకపోతే డబ్బున్నాయన సొంత డబ్బుతో ట్యాంకర్లు పంపాడు, మీద ఆయన ఫొటో. నీళ్లు తాగాం, కాదనను. ఆయన ఓడిన ఏడాది ట్యాంకర్ రాలేదు. తర్వాత వచ్చినాయన పదిమంది ఆడవాళ్లను వెంటేసుకుని జలమండలి ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి పైపులైన్ వేయించాడు. మధ్యలో రోడ్డు తవ్వి నెలల తరబడి పూడ్చలేదు, అందరం తిట్టాం. ఆ లైన్‌లో ఇప్పటికీ నీళ్లొస్తున్నాయి. జేబులోంచి ఇచ్చే చేయి అలవాటైతే ఆఫీసును అడగడం మానేస్తాం. డబ్బున్నవాళ్ల దాతృత్వంలో నాకు నచ్చనిది ఇదే.

ఈ నగరంలోనే వేరే రకం డబ్బున్నవాళ్లూ ఉన్నారు. 1962లో హైదరాబాద్ తొలి మహిళా మేయర్ అయిన రాణీ కుముదినీ దేవి వనపర్తి సంస్థానం కోడలు. ఆమె మేయర్‌గా ఏం చేశారని అడిగితే ఈ తరంలో చెప్పగలిగేవాళ్లు తక్కువ. కూకట్‌పల్లిలో కుష్ఠు రోగుల కోసం ఆమె పెట్టిన శివానంద ఆశ్రమం మాత్రం చాలామందికి తెలుసు. అది పెట్టింది 1958లో, మేయర్ కాకముందే. కుష్ఠు రోగులను ఊరి బయటికి తరిమే రోజుల్లో ఆ పనికి ఓట్లేమీ రాలవు. ఇంకోవైపు 1951లో మేయర్ అయిన మాడపాటి హనుమంతరావు సంస్థానాధీశుడు కాదు, వకీలు. ఆయన పేరు చెబితే గుర్తొచ్చేది నారాయణగూడలో 1928లో మొదలైన తెలుగు బాలికల పాఠశాల. అదీ పదవికి రెండు దశాబ్దాల ముందే. ఒకరికి డబ్బుంది, ఇంకొకరికి అంత లేదు. మిగిలిపోయిన పని మాత్రం ఇద్దరిదీ పదవితో సంబంధం లేనిది. అందుకే నామినేషన్ వేశాక చేయించిన కంటి పరీక్ష శిబిరాలను నేను లెక్కలోకి తీసుకోను.

మిగతా రకాల గురించి ఎక్కువ చెప్పను. రిటైర్డ్ అధికారులు, కాలనీ సంక్షేమ సంఘాల తరఫున నిలబడే ఇండిపెండెంట్లు మంచివాళ్లే, గెలవరు. వారసులను విడిగా చూడక్కర్లేదు, తండ్రి ఏ రకమో పిల్లలూ ఆ రకమే. సగం సీట్లు మహిళలవి కాబట్టి చాలా చోట్ల పేరు ఆమెది, ఫోన్ ఎత్తేది ఆయన. అలాంటప్పుడు ఆయన వ్యాపారాన్నే చూడండి.

అన్నిటికన్నా భయపడాల్సింది డబ్బున్నవాడిలా కనిపించే అప్పులవాణ్ని. ఫార్చూనర్ ఈఎంఐ మీద ఉంటుంది, ఎన్నిక ఖర్చు ఫైనాన్షియర్ పెడతాడు. బస్తీ మనిషి ఆకలి, పెద్దమనిషి గురి రెండూ ఇతనిలో ఉంటాయి. వడ్డీ నెలనెలా పెరుగుతుంటే అయిదేళ్లు ఆగే ఓపిక కూడా ఉండదు.

నన్ను అడిగితే, డివిజన్‌లో భూమి వ్యాపారం లేని డబ్బున్నవాడు దొరికితే ఆయనకే వేస్తాను. డాక్టరో, ఫార్మా కంపెనీ నడిపేవాడో, బయట సంపాదించి వచ్చినవాడో. కానీ అలాంటివాళ్లు కార్పొరేటర్‌గా నిలబడటం నేను చూసింది చాలా తక్కువ. ఒకవైపు స్థలాల పెద్దమనిషి, ఇంకోవైపు బస్తీ మనిషి అయితే, స్లాబ్ డబ్బులు తీసుకుంటాడని తెలిసినా బస్తీ మనిషికే నా ఓటు.

ఈసారి అఫిడవిట్లు బయటికి వచ్చాక మొత్తం ఎన్ని కోట్లు అని మాత్రమే చూసి వదిలేయకండి. స్థిరాస్తుల పేజీ దగ్గర ఆగండి. ఆ స్థలాలు మీ డివిజన్‌లో ఉన్నాయా, చెరువు పక్కన ఉన్నాయా, మాస్టర్ ప్లాన్ రోడ్డు వాటి ముందు నుంచి పోతుందా చూడండి. చెరువుల ఎఫ్‌టీఎల్ మ్యాపులు హెచ్‌ఎండీఏ సైట్‌లో దొరుకుతాయి. అభ్యర్థివి, భార్య లేదా భర్తవి, వాళ్ల మీద ఆధారపడ్డ పిల్లలవి మాత్రమే అఫిడవిట్‌లో ఉంటాయి. తమ్ముడి పేరు మీద, బావమరిది పేరు మీద ఉన్నవి కావాలంటే ఏ టీ హోటల్‌లోనో కాసేపు కూర్చుని అడగాల్సిందే.