ఫ్రీలాన్స్ బ్యూటీ మార్కెటింగ్: ఊళ్లోని పార్లర్లా, ఆన్‌లైన్ బ్రాండ్లా?

సౌందర్య రంగంలో ఫ్రీలాన్స్ మార్కెటింగ్ మొదలుపెట్టేవారు విజయవాడ, వరంగల్ వంటి నగరాల్లోని పార్లర్లకు, బ్రైడల్ మేకప్ ఆర్టిస్టులకు పనిచేయవచ్చు. లేదా ఆన్‌లైన్‌లో అమ్ముకునే క్రీములు, సీరమ్‌ల బ్రాండ్లను ఎంచుకోవచ్చు.

పెట్టుబడి: పార్లర్లకు మంచి ఫోను, లైటు, రీల్స్ తీసే నేర్పు ఉంటే చాలు. బ్రాండ్లకు ప్రకటనల ఖాతాలు నడపడం, ఖర్చుకు తగిన అమ్మకాలను లెక్కలతో చూపడం రావాలి.

రాబడి: పార్లర్లు ఇచ్చేది తక్కువే అయినా, పని నచ్చితే పక్క వీధి పార్లరు కూడా పిలుస్తుంది. ఇక్కడ గిరాకీ ముహూర్తాలను బట్టి నడుస్తుంది. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవని ఆర్టిస్టులు ప్రచారం ఆపేస్తారు గానీ, శ్రావణ మాసపు బుకింగ్‌ల కోసం ఖర్చు పెట్టవలసింది సరిగ్గా అప్పుడే. ఈ సంగతి వారికి నచ్చజెప్పడమే సగం పని. బ్రాండ్ల పనికి ఊరితో నిమిత్తం లేదు, పోటీ మాత్రం దేశమంతటిది.

నష్టభయం: పార్లర్లలో బేరమే బెడద. బ్రాండ్లలో బిల్లు ఆలస్యమవుతుంది; చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ నమోదు ముందే చేయించుకుంటే, 2006 నాటి ఎంఎస్ఎంఈడీ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి) చట్టం ప్రకారం చెల్లింపు గడువు 45 రోజులు దాటకూడదని అడగవచ్చు. క్రీము రోగాన్ని నయం చేస్తుందని రాయమంటే నిరాకరించాలి, ఎందుకంటే సౌందర్య సాధనానికి ఔషధ గుణాలు అంటగట్టడం చట్టరీత్యా చిక్కు.

చేతిలో నమూనా పనులు లేనివారికి, నెలనెలా కొంత నగదు అవసరమైనవారికి పార్లర్లే మేలు. ప్రకటనల లెక్కల్లో అనుభవం, మూడు నాలుగు నెలల ఖర్చులకు సరిపడా పొదుపు ఉన్నవారు నేరుగా బ్రాండ్ల వైపు వెళ్లవచ్చు.