ఇంటికి వచ్చి రక్తం తీసుకువెళ్ళే ల్యాబ్: సీలియాక్ పరీక్ష ఫలితం కోసం ఎదురుచూసిన ఒకరి సమీక్ష

బెంగళూరులో ఇంటికే మనిషిని పంపి రక్తం తీయించి, ఫలితాన్ని ఫోనులోని యాప్‌లో చూపించే ల్యాబులు చాలా ఉన్నాయి. అలాంటి ఒక పెద్ద ల్యాబ్‌లో ఈమధ్య సీలియాక్ వ్యాధి పరీక్ష చేయించుకున్నాను. మారతహళ్ళి, కుందలహళ్ళి వైపు మన తెలుగువాళ్ళు బాగా వాడే సేవే ఇది. నాకు నచ్చని సంగతులు ఇందులో కొన్ని ఉన్నాయి, అవి ఈ ఒక్క సంస్థకే పరిమితమని నేను అనుకోవడం లేదు కాబట్టి పేరు రాయడం లేదు. రక్తం తీయడంలో ఈ సేవకు వంక పెట్టలేను; రక్తం ఇచ్చినప్పటి నుంచి ఫలితం చేతికి వచ్చేదాకా మనిషి ఏమవుతాడన్న ఆలోచన మాత్రం వీళ్ళకు లేదు. ఐదుకు మూడు మార్కులు వేస్తున్నాను. ఆ మూడింటిలో రెండు రక్తం తీసిన అబ్బాయివి.

ఎప్పుడు చూపించుకున్నా హిమోగ్లోబిన్ తక్కువే ఉండటం, నెలల తరబడి ఐరన్ మాత్రలు మింగినా ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వను చూపే అంకె) కదలకపోవడం, తిన్నాక పొట్ట ఉబ్బరం, ఈ మూడూ విన్న గ్యాస్ట్రో డాక్టర్ గారు టీటీజీ ఐజీఏ, దానితోపాటు టోటల్ ఐజీఏ రాశారు. మొదటిది సీలియాక్‌లో రక్తంలో పెరిగే ఒక ఐజీఏ రకం యాంటీబాడీని కొలిచే పరీక్ష, రెండోది రక్తంలో ఐజీఏ మొత్తం ఎంతుందో చూసేది. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ తగిలినప్పుడు శరీరం తన చిన్నపేగు లోపలి పొరను తానే దెబ్బతీసుకునే వ్యాధి సీలియాక్. ఆ పొర చదునైపోతే తిన్న ఐరన్ ఒంటికి పట్టదు. అనంతపురంలో ఉన్న మా అమ్మకు ఫోనులో ఈ మాట చెబితే, "అన్నం తినేవాళ్ళకు గోధుమల జబ్బేమిటే, ఆ డాక్టరు ఉత్తరాది ఆయనా?" అంది. ఆవిడ అనుమానంలో పస లేకపోలేదు. మన దేశంలోని వేర్వేరు ప్రాంతాలను పోల్చి 2016లో వెలువరించిన ఒక అధ్యయనంలో, ఉత్తరాదిన వందమందిలో ఒకరికి పైగా కనిపించిన ఈ వ్యాధి దక్షిణాదిన వెయ్యిమందిలో ఒకరికే కనిపించింది. కానీ వెయ్యికి ఒకరన్నా బెంగళూరంత ఊళ్ళో వేలమంది అవుతారు. పైగా రాత్రిపూట అన్నం మాని చపాతీకి మారిన ఇళ్ళలో మాదీ ఒకటి.

బుకింగ్ సులువుగానే అయింది. డాక్టర్ గారి చీటీని ఫోటో తీసి యాప్‌లో పెడితే చాలు. అయితే యాప్ నాకు మొదట చూపించింది టీటీజీ ఐజీఏ ఒక్కటే. టోటల్ ఐజీఏను నేనే వెతికి, విడిగా డబ్బు కట్టి చేర్చుకోవలసి వచ్చింది. ఈ రెండూ జంటగా ఎందుకు రాస్తారో అక్కడ ఒక్క వాక్యమైనా లేదు. కొందరికి పుట్టుకతోనే ఒంట్లో ఐజీఏ తక్కువగా ఉంటుంది. అలాంటివారికి వ్యాధి ఉన్నా టీటీజీ ఐజీఏ నెగెటివ్‌గా రావచ్చు. టోటల్ ఐజీఏ సరిగ్గా ఉందని తేలినప్పుడే ఆ నెగెటివ్‌ను నమ్మగలం. చీటీ లేకుండా తమంతట తాము పరీక్ష చేయించుకునేవాళ్ళు ఒకదానికే డబ్బు కట్టి, అసంపూర్ణమైన సమాధానంతో ఊరట చెందే ప్రమాదం ఇక్కడ ఉంది.

దీనికన్నా పెద్ద లోపం మరొకటుంది. బుకింగ్ ఖాయం కాగానే పది పన్నెండు గంటలు ఏమీ తినవద్దని ఒక సందేశం వచ్చింది. ఇది అన్ని పరీక్షలకూ కలిపి పంపే సందేశమే తప్ప, ఈ పరీక్షకు పరగడుపుతో పని లేదు. అడగవలసిన అసలు ప్రశ్నను మాత్రం మొదటినుంచి చివరిదాకా ఎవరూ అడగలేదు: మీరు ప్రస్తుతం గోధుమలు తింటున్నారా? గ్లూటెన్ మానేసినవారి రక్తంలో ఈ యాంటీబాడీలు క్రమంగా తగ్గిపోతాయి, అప్పుడు పరీక్ష చేస్తే లేని ధైర్యం ఇస్తుంది. పరీక్షకు ముందు కనీసం 6 వారాల పాటు రోజూ ఒకటికి మించిన పూటల్లో గ్లూటెన్ ఉన్న ఆహారం తినాలని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ సూచనలు చెబుతున్నాయి. మా డాక్టర్ గారు ఈ సంగతి ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది. అనుమానం రాగానే చపాతీ మానేసి, ఆ తరువాత పరీక్షకు పరుగెత్తేవాళ్ళే మనలో ఎక్కువ.

రక్తం తీయడానికి వచ్చిన అబ్బాయిది కోలారు వైపు, ఇంట్లో మాట్లాడేది తెలుగే. చేతులు కడుక్కుని, కొత్త గ్లవుజులు వేసుకుని, సీలు విప్పని సూదిని నాకు చూపించి, నా పేరూ వయసూ నా నోటితోనే చెప్పించుకున్నాడు. పసుపు మూత ట్యూబు మీద బార్‌కోడ్ చీటీని నా కళ్ళ ముందే అతికించి, "అక్కా, పేరు సరిగ్గా ఉందా ఒకసారి చూడండి" అని ట్యూబును నా వైపు తిప్పాడు. నరం దొరకడం నా విషయంలో ఎప్పుడూ కష్టమే, అయినా ఒక్క పోటులో పని ముగించాడు. వెళ్ళేముందు చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూ, అడగకుండానే ఒక మాట చెప్పాడు: "ఇది రోజూ నడిపే పరీక్ష కాదక్కా, శాంపిల్స్ కొన్ని పోగయ్యాక ఒకేసారి మిషన్ మీద పెడతారు. రేపు సాయంత్రానికే అని యాప్‌లో ఉంటుంది గానీ దాన్ని నమ్ముకోకండి." ఆ సంస్థ మొత్తం మీద ఫలితం ఎప్పుడు వస్తుందో నిజం చెప్పినవాడు ఇతనొక్కడే.

అన్నట్టే మర్నాటి సాయంత్రం గడిచిపోయింది, యాప్‌లో "పరీక్ష జరుగుతోంది" అన్న పచ్చగీత ఉన్నచోటే ఉంది. మొదట చెప్పిన గడువు మాయమై దాని స్థానంలో, సంజాయిషీ ఏమీ లేకుండా, కొత్త గడువు వెలిసింది. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే "ప్రాసెస్‌లో ఉంది మేడమ్" అన్న ఒకే మాటను మర్యాద తప్పకుండా మళ్ళీ మళ్ళీ చెప్పారు. శాంపిల్ చెడిపోయిందా, ఏదైనా తేడా కనిపించి రెండోసారి చేస్తున్నారా, అసలు ఇంకా మొదలే పెట్టలేదా అన్నది తెలియనప్పుడు ఆ ఖాళీని మనసు తనకు తోచిన భయాలతో నింపుకుంటుంది. ఉడికీ ఉడకని అన్నం మీది మూతను పదేపదే తీసి చూసినట్టు నేను యాప్‌ను తెరిచి చూస్తూ ఉండిపోయాను. ఆఫీసు మీటింగులో ఉన్నా, సిల్క్‌బోర్డు ట్రాఫిక్‌లో ఉన్నా అదే పని.

ఇది చాలదన్నట్టు ఒక రాత్రి బాగా పొద్దుపోయాక వాట్సాప్‌లో "మీ రిపోర్టు సిద్ధంగా ఉంది" అని సందేశం వచ్చింది. తెరిస్తే అందులో ఉన్నది టోటల్ ఐజీఏ ఒక్కటే, అదీ మామూలు హద్దుకు కొంచెం పైన, పక్కన ఎర్రటి బాణంతో. ఈ పరీక్షలో టోటల్ ఐజీఏను చూసేది అది మరీ తక్కువగా ఉందా అన్నది తేల్చుకోవడానికి. కొంచెం ఎక్కువగా ఉండటం సీలియాక్ గురించి ఏమీ చెప్పదు. ఈ ఒక్క వాక్యం ఆ బాణం పక్కన ఉంటే నేను నిద్రపోయి ఉండేదాన్ని. దానికి బదులు అదే తెర కింద ఒక ప్రకటన మెరిసింది, వందకు పైగా ఆహారపదార్థాల్లో మీకు ఏవి పడవో ఒకే రక్తపరీక్షతో తెలుసుకోండి అని. ఐజీజీ అనే మరో రకం యాంటీబాడీలను కొలిచే అలాంటి పరీక్షలను ఆహారం పడకపోవడాన్ని నిర్ధారించడానికి వాడవద్దని అమెరికా, యూరప్, కెనడా దేశాల అలర్జీ నిపుణుల సంఘాలు ఏనాడో చెప్పాయి. కంగారులో ఉన్న మనిషి ముందు సరిగ్గా అర్ధరాత్రి వేళ దానిని పెట్టడం వ్యాపారమే కావచ్చు, వైద్యసేవ మాత్రం కాదు. నేను తీసేసిన రెండు మార్కుల్లో ఒకటి దీనికే.

ఆ రోజులు గడపడానికి నాకు అక్కరకు వచ్చినవి ల్యాబ్ ఇచ్చినవి కావు. యాప్ నోటిఫికేషన్లన్నీ ఆపేసి, రిపోర్టు వెళ్ళే నంబరును మా ఆయన నంబరుకు మార్పించాను. ఏది వచ్చినా పగలే, కాఫీ తాగాకే చెప్పాలన్నది ఒప్పందం. ఫలితం రాకముందే డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకున్నాను, ఎందుకంటే రిపోర్టు చేతికొచ్చాక డాక్టర్ దొరికేదాకా గడిపే రోజులు అంతకుముందు రోజులకన్నా అధ్వానంగా ఉంటాయి. వంటింట్లో చేతులు ఊరుకోక డబ్బాల మీది అక్షరాలు చదవడం మొదలుపెట్టాను. హార్లిక్స్‌లో గోధుమ, బార్లీ రెండూ ఉంటాయన్నది ఆశ్చర్యం కలిగించలేదు గానీ, పప్పులో చిటికెడు వేసే ఇంగువ పొడిలో గోధుమపిండి కలుపుతారన్నది చూసి మాత్రం కాసేపు అలాగే నిలబడిపోయాను. రాగి ముద్ద, జొన్న రొట్టె, పెసరట్టు, ఇడ్లీ ఎటూ ఉన్నాయి కదా అని సర్దిచెప్పుకుంటూనే, డాక్టర్ గారు మానవద్దన్నారు కాబట్టి రాత్రికి చపాతీలు చేసుకుని తిన్నాను. హాని చేస్తుందేమోనని అనుమానిస్తున్న దానిని కావాలని తినడం ఎంత విచిత్రంగా ఉంటుందో ఆ పరిస్థితిలో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది.

అప్పటికీ నిద్ర పట్టక ఒక రాత్రి 14416కు ఫోన్ చేశాను. 2022 అక్టోబరు 10న మానసికంగా ఇబ్బంది పడేవారికోసం కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ ఫోన్ సేవ ఇది. దీనికి కేంద్రస్థానం మన బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్. ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు. అవతలి ఆవిడ నాకు ధైర్యం చెప్పే ప్రయత్నమేమీ చేయలేదు. మీరు సరిగ్గా దేనికి భయపడుతున్నారో ఒక్క వాక్యంలో చెప్పండి అని అడిగింది. ఆలోచించి చూస్తే నా భయం నా గురించి కాదు, మా అబ్బాయికి కూడా వస్తుందేమోనని. అయితే ఆ ప్రశ్నను డాక్టర్ గారిని అడగవలసినవాటిలో మొదట రాసుకోండి అంది. రాసుకున్నాను. తరువాత డాక్టర్ గారు చెప్పిన సమాధానం ఏమిటంటే, ఇంట్లో ఒకరికి వ్యాధి నిర్ధారణ అయితే తల్లిదండ్రులకు, తోబుట్టువులకు, పిల్లలకు ఉండే అవకాశం మామూలుకన్నా ఎక్కువేగానీ పది శాతం లోపేనని, వాళ్ళకు కూడా ఇదే రక్తపరీక్ష చేయిస్తే సరిపోతుందని. ఈ సేవను విడిగా సమీక్షిస్తే ఐదుకు ఐదు ఇస్తాను.

టీటీజీ ఫలితం చివరికి వచ్చింది, పాజిటివ్, కానీ హద్దుకు ఎంతో దూరం కాదు. రిపోర్టు స్పష్టంగానే ఉంది. ఏ పద్ధతిలో కొలిచారో, ఆ కిట్‌కు హద్దు ఎంతో రాశారు. ఇది ముఖ్యం, ఎందుకంటే ఒక్కో కిట్‌కు ఒక్కో హద్దు ఉంటుంది కాబట్టి వేరే ల్యాబ్‌లో ఇంకొకరికి వచ్చిన అంకెతో మన అంకెను పోల్చుకుని భయపడటమూ, సంబరపడటమూ రెండూ వ్యర్థమే. పిల్లల్లో ఈ అంకె హద్దుకు 10 రెట్లు దాటి, రెండోసారి తీసిన రక్తంలో ఈఎంఏ అనే మరో పరీక్ష కూడా పాజిటివ్ అయితే బయాప్సీ లేకుండానే నిర్ధారించవచ్చని 2020 నాటి యూరప్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. నా వయసుకూ నా అంకెకూ ఆ వెసులుబాటు లేదు. ఎండోస్కోపీ చేసి, అంటే నోటి నుంచి కెమెరా గొట్టం పంపి, చిన్నపేగు మొదటి భాగమైన డ్యుయోడినమ్ నుంచి ముక్కలు తీసి చూడవలసిందే, బయాప్సీ అంటే అదే.

ఇక్కడే ల్యాబ్ వాళ్ళు చేసిన పని నన్ను నిజంగా కోపానికి గురిచేసింది. రిపోర్టుతోపాటు ఉచితంగా ఇచ్చే సలహా అంటూ ఫోన్ చేసిన డైటీషియన్, చూసి చదువుతున్నట్టున్న గొంతుతో, "ఇవాళ్టి నుంచే గోధుమలు పూర్తిగా మానేయండి" అని చెప్పింది. బయాప్సీ ఇంకా కాలేదని నేను అంటే ఆవిడ దగ్గర దానికి జవాబు లేదు, విటమిన్ పరీక్షల ప్యాకేజీ మీద తగ్గింపు మాత్రం ఉంది. బయాప్సీకి ముందు గ్లూటెన్ మానేస్తే పేగు పొర కోలుకోవడం మొదలై, ముక్కల్లో ఏమీ కనిపించక, జీవితాంతం పథ్యం చేయాలో వద్దో తేలని స్థితిలో మనిషి ఇరుక్కుపోతాడు. రెండో మార్కు దీనికి పోయింది.

ఎండోస్కోపీ వేరే ఆసుపత్రిలో జరిగింది. డ్యుయోడినమ్‌లోనే రెండో భాగం నుంచి నాలుగు ముక్కలు, దాని మొదట్లో ఉండే బల్బు నుంచి మరో రెండు తీశారు. మన దేశంలో ట్రాపికల్ స్ప్రూ అనే పేగు జబ్బు, జియార్డియా అనే పరాన్నజీవి వంటివి కూడా పేగు పొరను ఇలాగే పాడుచేయగలవు కాబట్టి, రక్తపరీక్షనూ ముక్కలనూ కలిపి చూశాకే మాట చెబుతామన్నారు. కౌంటర్‌లో ఉన్నాయన రసీదు వెనకాల రిపోర్టు వచ్చే తేదీని పెన్నుతో రాసి, "దీనికి ముందు ఫోన్ చేసినా లాభం లేదమ్మా, దీని తరువాత రాకపోతే మాత్రం నేరుగా నన్నే అడగండి" అన్నాడు. బయాప్సీ ఫలితం రక్తపరీక్షకన్నా పెద్ద విషయం, అయినా ఆ తేదీ ఉండటంతో ఈ ఎదురుచూపు అంతగా పీడించడం లేదు. ల్యాబ్ యాప్‌లో కోట్లు పోసి తయారుచేసిన పచ్చగీత చేయలేని పని అది.

ఈ ల్యాబ్‌ను మళ్ళీ వాడతానా అంటే, వాడతాను. వ్యాధి నిర్ధారణ అయితే యాంటీబాడీలు తగ్గుతున్నాయో లేదో చూడటానికి ఇదే పరీక్షను మళ్ళీ చేయించుకోవాలి, అంకెలను పోల్చాలంటే అదే ల్యాబ్‌లో చేయించుకోవడం మంచిది. మీరూ వాడదలిస్తే, బుక్ చేసేముందు కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి టీటీజీని వారంలో ఏయే రోజుల్లో నడుపుతారో పట్టుబట్టి అడగండి, ఆ రోజుకు ముందురోజు శాంపిల్ ఇచ్చేలా సమయం ఎంచుకోండి. టోటల్ ఐజీఏ చేర్చారో లేదో చూసుకోండి. డైటీషియన్ ఫోన్ వస్తే, బయాప్సీ అయ్యాక మాట్లాడతానని చెప్పి పెట్టేయండి.