ఆరేళ్ల వాడకం తర్వాత బీఎండబ్ల్యూ 320డీ: ముందు గేర్‌బాక్స్ సంగతి

ఇంజిన్ ఎన్ని హార్స్‌పవర్, సున్నా నుంచి వందకి ఎన్ని సెకన్లు, డిక్కీలో ఎన్ని సూట్‌కేసులు పడతాయి అన్నవి ఈ కారు గురించి పదేళ్లుగా అందరూ రాసినవే. వాటి జోలికి వెళ్లను. నాది 2014 మోడల్ లగ్జరీ లైన్, ఎఫ్30 బాడీ, హైదరాబాద్ రిజిస్ట్రేషన్. 2019లో సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నప్పుడు 55 వేల కిలోమీటర్ల చిల్లర తిరిగి ఉంది, ఇప్పుడు లక్షా ఇరవై వేలు దాటింది. కొత్తప్పుడు 40 లక్షల చుట్టూ పలికిన కారు నాకు 15 లక్షల లోపే దొరికింది. జర్మన్ లగ్జరీ కార్ల ధర మొదటి ఐదేళ్లలో అలాగే కరిగిపోతుంది. ఆ కరిగినదంతా మొదటి ఓనర్ భరిస్తాడు, మనకి కారు మిగులుతుంది.

నేను ఈ కారు మీద మనసు పడింది లోగో చూసి కాదు, సీట్లు చూసి కాదు, గేర్‌బాక్స్ చూసి. ఎనిమిది గేర్ల ఈ ఆటోమేటిక్‌ని తయారు చేసేది బీఎండబ్ల్యూ కాదు, జెడ్‌ఎఫ్. జెప్పెలిన్ ఆకాశనౌకలకు గేర్లు చేయడం కోసం 1915లో పెట్టిన కంపెనీ అది. 8హెచ్‌పీ అనే ఈ బాక్స్ 2009లో ముందుగా బీఎండబ్ల్యూ 7 సిరీస్‌లో వచ్చింది. తర్వాత ఆడీ, జాగ్వార్, రేంజ్ రోవర్, బెంట్లీ, చివరికి రోల్స్‌రాయిస్ కూడా ఇదే కుటుంబం బాక్సులు వాడాయి. కోట్ల రూపాయల కారులో ఉన్న సరుకే, టార్క్‌కి తగ్గట్టు సైజు మార్చి, నా సెకండ్‌హ్యాండ్ కారు కింద కూడా ఉంది. అది గుర్తొచ్చినప్పుడల్లా కాస్త పొగరుగానే ఉంటుంది, దాచుకోను.

దీని పనితనం తెలియాలంటే శ్రీశైలం ఘాట్‌లో నడపాలి. మన్ననూరు దాటి అడవిలోకి వెళ్లాక, ఈగలపెంట నుంచి డ్యామ్ వైపు దిగే మలుపులున్నాయే, అక్కడ. మామూలు ఆటోమేటిక్‌లో ఆ దిగుడంతా కాలు బ్రేక్ మీదే ఉంటుంది, కింద బ్రిడ్జి దగ్గరికి వచ్చేసరికి కాలిన వాసన. ఇది అలా కాదు. మలుపు ముందు బ్రేక్ ఒకసారి తొక్కితే చాలు, బాక్స్ తనంతట తనే మూడుకో రెండుకో దిగి అక్కడే పట్టుకుని ఉంటుంది. మలుపులో తొందరపడి పైగేర్ వేయదు. బయటికి రాగానే యాక్సిలరేటర్ తొక్కితే తడుముకోకుండా లాగుతుంది. పక్కన కూర్చున్నవాళ్లకి గేర్ ఎప్పుడు మారిందో తెలియదు, టాకోమీటర్ ముల్లు చూస్తేనే తెలుస్తుంది.

ఇందులో మాయేమీ లేదు. లోపల నాలుగు ప్లానెటరీ గేర్ సెట్లు (మధ్య చక్రం చుట్టూ చిన్న చక్రాలు తిరిగే గేర్లు), క్లచ్చులు, బ్రేకులు కలిపి ఐదు. ఏ గేర్‌లో ఉన్నా ఆ ఐదింట్లో మూడు పట్టుకుని ఉంటాయి, రెండే ఊరికే తిరుగుతాయి. అందుకే లోపల రాపిడి తక్కువ. పక్క గేర్‌కి మారాలంటే ఒకటి వదిలి ఇంకొకటి పట్టుకుంటే సరిపోతుంది. దానికి తోడు, ఇంజిన్ తిరుగుడుని ఆయిల్ ద్వారా బాక్స్‌కి అందించే టార్క్ కన్వర్టర్ చాలా త్వరగా లాక్ అవుతుంది. పాత ఆటోమేటిక్‌లలో ఇంజిన్ అరుస్తుంటే బండి మెల్లగా కదిలేది చూడండి, ఆ రబ్బరు బ్యాండ్ లాగినట్టుండే బాధ ఇందులో లేదు. ఔటర్ రింగ్ రోడ్డు మీద వందలో ఎనిమిదో గేర్‌లో ఇంజిన్ తిరుగుతోందా అన్నట్టుంటుంది. లాంగ్ డ్రైవ్‌లో లీటరుకి 18 దాకా ఇవ్వడానికి సగం పుణ్యం ఈ బాక్స్‌దే.

ఇంతగా పొగిడిన గేర్‌బాక్సే 95 వేల కిలోమీటర్ల దగ్గర నాకు నిద్ర లేకుండా చేసింది.

మొదట ఉదయం పూట మాత్రమే. సెల్లార్‌లోంచి ర్యాంప్ ఎక్కి గేటు దగ్గర ఆగబోతుంటే వెనక నుంచి ఎవరో మెల్లగా తోసినట్టు ఒక కుదుపు. రెండు నుంచి ఒకటికి దిగేటప్పుడు అన్నమాట. బండి వేడెక్కితే పోయేది. రెండు నెలలకి వేడెక్కినా పోవడం మానేసింది. సిగ్నల్ దగ్గర ఆగిన ప్రతిసారీ టక్‌మనేది. మా ఆవిడకి కూడా తెలిసిపోయింది, అంటే ఇక ఊహ కాదని అర్థం.

ఒక మల్టీబ్రాండ్ గ్యారేజీకి తీసుకెళ్లాను. పేరెందుకు గానీ, ఏసీ వెయిటింగ్ రూమ్, కాఫీ మెషీన్, గోడ మీద అన్ని కంపెనీల లోగోలు ఉన్న చోటు. స్కానర్ పెట్టారు, టెస్ట్ డ్రైవ్ చేశారు. గంట తర్వాత సర్వీస్ అడ్వైజర్ వచ్చి, ఇంట్లో పెద్దాయనకి బాలేదని చెప్పే గొంతుతో చెప్పాడు. “మెకాట్రానిక్ పోయింది సార్. రిపేర్ చేసినా నిలవదు, బాక్సే మార్చేద్దాం. ఢిల్లీ నుంచి తెప్పిస్తాం, నాలుగు లక్షల్లో అయిపోతుంది.” మెకాట్రానిక్ అంటే బాక్స్ లోపల గేర్లు మార్పించే కంట్రోల్ యూనిట్.

“స్కానర్‌లో ఏ కోడ్ వచ్చిందండీ?” అని అడిగాను.

“కోడ్ ఏం రాలేదు సార్. మాకు అనుభవం ఉంది కదా.”

ఢిల్లీ మాట ఎందుకొచ్చిందో ఈ కార్లు వాడేవాళ్లకి తెలుసు. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బళ్లు రోడ్డెక్కకూడదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్‌జీటీ) చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు అదే ఖాయం చేసింది. దాంతో అప్పట్లో లక్షణమైన కార్లు కూడా చవకగా దక్షిణాదికి వచ్చేసేవి, కొన్ని ముక్కలై స్పేర్‌పార్ట్స్‌గా వచ్చేవి. అలా వచ్చే బాక్స్ ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చెప్పగలిగేవాడు ఉండడు. బాగున్నదేమో తెలియని నా బాక్స్ తీసేసి, అసలేమీ తెలియని ఇంకో బాక్స్ పెట్టుకోవడానికి నాలుగు లక్షలన్నమాట.

టెన్షన్‌తోనే బోయిన్‌పల్లి వైపు ఒక చిన్న షెడ్డుకి వెళ్లాను. కాఫీ మెషీన్ లేదు, కూర్చోవడానికి ఒక కారు సీటు నేల మీద వేసి ఉంది. అక్కడి భాయ్ చేసేది జర్మన్ కార్లు మాత్రమే. ముందు స్కానర్ ముట్టుకోలేదు. పక్కన కూర్చుని నన్నే నడపమన్నాడు. రెండు సిగ్నళ్లు అయ్యాక అడిగాడు.

“గేర్ ఆయిల్ ఎప్పుడు మార్చిన్రు సార్?”

“షెడ్యూల్‌లో లేదుగా భాయ్. పాత బిల్లుల్లో కూడా ఎక్కడా కనబడలేదు.”

“షెడ్యూల్ తీసి పక్కన పెట్టండి. బాక్స్ చేసినోడు ఏం చెప్తుండో చూడాలె. ముందు ఆయిల్ మారుద్దాం, పాన్‌లో ఏం పడుతదో చూద్దాం. అప్పుడు బాక్స్ ముచ్చట.”

ఆయన చెప్పింది నిజం. బీఎండబ్ల్యూ సర్వీస్ షెడ్యూల్‌లో ఈ ఆయిల్ మార్పు ఉండదు, జెడ్‌ఎఫ్ మాత్రం వాడకాన్ని బట్టి 80 వేల నుంచి లక్షా 20 వేల కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్లకి మార్చమని చెబుతుంది. ఈ రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూసిన రోజు నాకు సగం భయం పోయింది.

కారు రాత్రే వదిలేసి వెళ్లమన్నాడు. కారణం విన్నాక ఆయన మీద నమ్మకం కుదిరింది. ఈ బాక్స్‌కి డిప్‌స్టిక్ లేదు. ఇంజిన్ ఆన్‌లో ఉండగా, ఆయిల్ 30 నుంచి 50 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు, పక్కనున్న రంధ్రంలోంచి సన్నగా కారితే లెవెల్ సరిపోయినట్టు. మే నెల మధ్యాహ్నం హైదరాబాద్‌లో బయటే 42 డిగ్రీలుంటే, పని పూర్తయ్యేలోపు ఆయిల్ 50 దాటిపోతుంది. అందుకని పొద్దున్నే, చల్లటి బండి మీద మొదలుపెట్టాలి.

నేను ఆరున్నరకల్లా వెళ్లి పక్కనే నిలబడ్డాను. ముందు నింపే బోల్టు విప్పాడు. అది విప్పుకోకుండా కింద ఆయిల్ వదిలేసి, తర్వాత అది ఊడకపోతే కారు అక్కడే కూర్చుంటుందట. ఆ తర్వాత డ్రెయిన్ తీశాడు. కారిన ఆయిల్ నల్లగా, ఘాటు వాసనతో ఉంది. కొత్త డబ్బాలోది ఆకుపచ్చ ఛాయలో ఉంది, రెండూ ఒకే ఆయిల్ అంటే నమ్మబుద్ధి కాలేదు. పాన్, అంటే బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే ట్రే, ప్లాస్టిక్‌ది, ఫిల్టర్ దాంట్లోనే కలిసి ఉంటుంది కాబట్టి మొత్తం పాన్ మార్చాల్సిందే. పాత పాన్ కిందికి దించి, అడుగున ఉన్న అయస్కాంతం ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. దాని మీద కాటుకలా మెత్తటి నల్లటి ముద్ద. వేళ్ల మధ్య రుద్దమన్నాడు. గరుకు తగల్లేదు.

“ఇట్ల మెత్తగుంటే అరుగుడు. చమ్కీల లెక్క ఇనుప ముక్కలు తగిలితే పోయినట్టు. మీది అరుగుడే.”

మెకాట్రానిక్ దగ్గర వైరింగ్ కనెక్టర్‌కి ఉండే ప్లాస్టిక్ స్లీవ్ కూడా మార్చేశాడు, దాని సీళ్లు గట్టిపడి ఆయిల్ కారడం వీటిలో మామూలేనట. కొత్త పాన్ బోల్టులు టార్క్ రెంచ్‌తోనే బిగించాడు, చేతి బలం చూపిస్తే ప్లాస్టిక్ వంకర పోతుందని. ఆయిల్ నింపి, స్టార్ట్ చేసి, రివర్స్ నుంచి మొదలుపెట్టి గేర్లన్నీ తిప్పి, స్కానర్‌లో టెంపరేచర్ చూస్తూ మళ్లీ నింపి, సన్నటి ధార కారగానే బోల్టు బిగించేశాడు. చివరికి స్కానర్‌తో పాత అడాప్టేషన్ విలువలు చెరిపేశాడు. క్లచ్చులు ఎంత ఒత్తిడితో, ఎంత సేపట్లో పట్టుకోవాలో ఈ బాక్స్ నడుస్తూ నడుస్తూ నేర్చుకుంటుంది. కొత్త ఆయిల్‌తో మళ్లీ కొత్తగా నేర్చుకోవాలి. మొత్తం ఖర్చు 40 వేల లోపు, అందులో ఎక్కువ భాగం కిట్‌దే.

మొదటి రెండ్రోజులు ఇంకా కుదుపు ఉంది, గుండె జారింది. వారం తిరిగేసరికి పోయింది. సిగ్నల్ దగ్గర ఆగుతుంటే ఏమీ తెలియకపోవడం ఎంత సుఖమో, అది పోయి వచ్చినవాళ్లకే తెలుస్తుంది. పూర్తిగా పోయిందా అంటే, డిసెంబర్ చలిలో పొద్దున్నే ఒకటి రెండు సార్లు చిన్నగా పలకరిస్తుంది. నాకు తెలుస్తుంది, మా ఆవిడకి తెలియదు.

ఇంకా కొన్ని సవరణలున్నాయి. పైన చెప్పిన 18 మైలేజ్ హైవేలో. సైబర్ టవర్స్ వైపు సాయంత్రం ట్రాఫిక్‌లో 11 వచ్చినా సంతోషించాలి. ఆ బంపర్ టు బంపర్‌లో, ఒకటి రెండు గేర్ల మధ్య నలిగేటప్పుడు, ఇంత గొప్ప బాక్స్ కూడా కాస్త తికమకపడుతుంది. బండి ఎత్తు తక్కువ. మా అమ్మ వెనక సీట్లోంచి లేచేటప్పుడు “దీనికంటే ఆటో నయంరా” అని ప్రతిసారీ అంటుంది, నేను ప్రతిసారీ చెయ్యి అందిస్తాను. స్టెప్నీ లేదు. డిక్కీలో పంక్చర్ కిట్, గాలి కొట్టే చిన్న పంపు లేకుండా ఊరు దాటను. మన స్పీడ్‌బ్రేకర్లకి ముందు చక్రాలని పట్టి ఉంచే కంట్రోల్ ఆర్మ్‌ల రబ్బరు బుష్‌లు ఎలాగూ అరుగుతాయి.

విడిభాగాల దగ్గర మాత్రం ఊహించని ఊరట ఉంది. ఛాసీ నంబర్ చివరి ఏడు అక్షరాలు ఇస్తే మీ కారుకే సరిపడే పార్ట్ నంబర్ దొరుకుతుంది. ఆ నంబర్‌తో లెమ్‌ఫోర్డర్ ఆర్మ్, మాన్ ఫిల్టర్, బాష్ సామాను వెతుక్కోవచ్చు. కంపెనీకి సరఫరా చేసేవాళ్లే చాలావరకు వాళ్ల పేరుతో బయట కూడా అమ్ముతారు, పెట్టె మీద బీఎండబ్ల్యూ లోగో ఉండదు, ధర బాగా తగ్గుతుంది. రాణిగంజ్‌లో కొంత, ఆర్డర్ మీద కొంత. బ్యాటరీ మార్చినప్పుడు మాత్రం స్కానర్‌తో కారుకి రిజిస్టర్ చేయించాలి. లేకపోతే పాత బ్యాటరీ అనుకునే ఛార్జింగ్ చేస్తూ కొత్తదాన్ని తొందరగా తినేస్తుంది. ఇన్సూరెన్స్, టైర్లు పక్కన పెడితే ఏడాదికి సగటున 60, 70 వేలు అవుతోంది. గేర్ ఆయిల్ చేయించిన ఏడాది లక్ష దాటింది.

కొనబోయేవాళ్లకి ఒకటే చెబుతాను. ఈ ఇంజిన్‌కి టైమింగ్ చైన్, అంటే వాల్వులని ఇంజిన్‌తో కలిపి నడిపే గొలుసు, వెనక వైపు, గేర్‌బాక్స్ పక్కన ఉంటుంది. దాన్ని ముట్టుకోవాలంటే చాలా సామాను కిందికి దించాలి, బిల్లు లక్షల్లోకి వెళుతుంది. కాబట్టి అమ్మేవాళ్లు ముందే స్టార్ట్ చేసి వేడి చేసిన బండి చూడొద్దు. రాత్రంతా ఆగి ఉన్న బండిని మీరే స్టార్ట్ చేసి, ఏసీ, ఆడియో ఆపేసి, ఇంజిన్ వెనకభాగంలో గరగర శబ్దం వస్తుందేమో వినండి. తర్వాత అదే చల్లటి బండిలో నిదానంగా ఆగుతూ, రెండు నుంచి ఒకటికి దిగేది గమనించండి. కుదుపు ఉన్నంత మాత్రాన వదిలేయక్కర్లేదు, ధర తగ్గించమని అడగడానికి పనికొస్తుంది.

నాకు ఈ కారు కలిసొచ్చింది. ఆఫీసు దగ్గరే, వర్షాకాలంలో నీళ్లు నిలిచే దారి నాకు తగలదు, ఇంట్లో ఇంకో చిన్న కారు ఉంది కాబట్టి ఇది నాలుగు రోజులు షెడ్డులో ఉన్నా పని ఆగదు. అన్నిటికన్నా ఆ భాయ్ 12 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా ఈ సమీక్ష వేరేగా ఉండేది. ఆ మధ్య మా బావమరిది రాజమండ్రి నుంచి ఫోన్ చేసి, “బావా, నాక్కూడా ఇలాంటిదే ఒకటి చూసిపెట్టు” అన్నాడు. అతనికి ఉన్నది ఒక్కటే కారు, రోజూ సైట్లు తిరిగే పని, బాక్స్ విప్పే చెయ్యి కావాలంటే విజయవాడో విశాఖో పోవాలి. అదే డబ్బుకి కొత్త జపాన్ ఆటోమేటిక్ తీసుకోమన్నాను. తీసుకున్నాడు. పోయిన వారం ఇక్కడికి వచ్చినప్పుడు నా కారు తాళం అడిగి, ఔటర్ మీద ఒక చుట్టు వేసి వచ్చి, వారం రోజులుగా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు.