హోవర్డ్ హినెంట్ డేట్ లైబ్రరీ: ఆర్నెల్లు వాడాక

ఇది తేదీలు, టైమ్‌ల లెక్కలకి హినెంట్ రాసిన సీ ప్లస్ ప్లస్ లైబ్రరీ (రెడీమేడ్ కోడ్), మాకెందుకు అవసరం పడిందో ముందు చెప్తా. 19800 అనే నంబర్ మా కోడ్‌లో ఎవరో పెట్టేసి కంపెనీ మారిపోయారు, పక్కన ఒక్క కామెంట్ కూడా లేదు. క్యాలిక్యులేటర్‌లో కొట్టి చూస్తే ఐదున్నర గంటలకి సెకన్లు. సంగతేంటంటే మాకొచ్చే టైమ్ యూటీసీ (ప్రపంచమంతటికీ ఉమ్మడి టైమ్, మనకన్నా ఐదున్నర గంటలు వెనక), దాన్ని ఎంకేటైమ్‌కి (తేదీని, టైమ్‌ని సెకన్లలోకి మార్చే సీ ఫంక్షన్) ఇస్తే అది లోకల్ టైమ్ అనుకుని ఐదున్నర గంటలు తగ్గించేస్తుంది, ఆ మహానుభావుడు మళ్లీ కలిపాడు. బెంగళూరులో మా లాప్‌టాప్‌లన్నిట్లో బంగారంలా నడిచింది, సర్వరేమో యూటీసీలో ఉంది, అక్కడ తగ్గేది ఏం లేదు కలపడం మాత్రం ఉంది, దాంతో యూటీసీలో సాయంత్రం ఆరున్నర దాటిన ఎంట్రీలన్నీ రేపటి తేదీలోకి దూకేవి. కొత్తగా చేరిన నెల్లూరు కుర్రాడు "అన్నా, నా దాంట్లో బానే వస్తోందిగా" అని స్క్రీన్ నా వైపు తిప్పాడు. నిజమే, వాడి దాంట్లో బానే వస్తోంది.

దీనికి మందు టైమ్‌జీఎం (ఇచ్చిన టైమ్‌ని యూటీసీగానే తీసుకునే ఫంక్షన్), కానీ సీ స్టాండర్డ్‌లోకి అది సీ23 అనే వెర్షన్‌లో గానీ రాలేదు, విండోస్‌లోనేమో పేరే వేరు. టైమ్‌జోన్ ఏదో చెప్పే టీజెడ్ వేరియబుల్ మార్చి ఎంకేటైమ్ పిలిచి మళ్లీ పాతది పెట్టే చిట్కా ఒకటుంది, ప్రోగ్రామ్‌లో ఒకేసారి నడిచే రెండు థ్రెడ్లు ఉన్నాయా, ఒకదాని మార్పు రెండోదానికీ తగిలి గోవిందా. మాకు లినక్స్, విండోస్ రెండూ నడవాలి.

అలా ఈ లైబ్రరీకి వచ్చాం. తేదీల వరకైతే ఒక్క హెడర్ ఫైల్, ఇంక్లూడ్ చేస్తే చాలు. 2024 ఫిబ్రవరి 30 ఇచ్చి ఓకేనా అని అడిగితే కాదు అని మొహం మీదే చెప్తుంది, ఎంకేటైమ్ అయితే కిక్కురుమనకుండా మార్చి 1 చేసేసేది. లోపలి లెక్క చూస్తే ముచ్చటేసింది, హినెంట్ ఏడాదిని మార్చి 1తో మొదలెడతాడు, అప్పుడు లీపు రోజు ఏడాది చివర్లో పడుతుంది, 400 ఏళ్లకి 146097 రోజులు, అంతే, టేబుల్ లేదు లూప్ లేదు. (మన ఉగాది కూడా అటూ ఇటుగా అప్పుడేగా అనుకున్నా, సంబంధం ఏం లేదులెండి.)

టైమ్‌జోన్ల దగ్గరే తలనొప్పి. ఇంకో ఫైల్ విడిగా కంపైల్ చేసుకోవాలి, లినక్స్‌లో సిస్టమ్‌లో ఉన్న జోన్ల డేటానే వాడమని కంపైల్ చేసేటప్పుడు ఫ్లాగ్ (ఆప్షన్) ఇస్తే సరిపోతుంది, విండోస్‌లో మాత్రం ఆ డేటా తెచ్చుకోవాలి, దాంతో పాటు విండోస్ పేర్లని ఏషియా/కోల్‌కతా లాంటి పేర్లకి కలిపే ఎక్స్ఎంఎల్ ఫైల్ ఒకటి. ఎక్కడుందో మనం చెప్పకపోతే డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో వెతుకుతుంది. ప్రొడక్షన్ సర్వర్‌లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ ఏంటండీ బాబూ! నా శనివారం మొత్తం దానికే పోయింది, మారతహళ్లిలో బిర్యానీ ప్లాన్ కూడా క్యాన్సిల్.

కొత్త కంపైలర్ ఉన్నవాళ్లు అసలు దీని జోలికి రానక్కర్లేదు, ఇందులో చాలా భాగం సీ ప్లస్ ప్లస్ 20 వెర్షన్‌తో పాటే వచ్చే టైమ్ లైబ్రరీ క్రోనోలోకే వెళ్లిపోయింది. మా క్లయింట్ సీ ప్లస్ ప్లస్ 17 దాటనివ్వడు, మాలాంటి వాళ్లకి నాలుగు స్టార్లు. ఐదోది ఆ శనివారానికి కోసేశా.