డీడీ-214లో మెడల్ ఎక్కలేదు: సెయింట్ లూయిస్‌కి రాయాలా, బోర్డుకి పెట్టుకోవాలా, కాంగ్రెస్ సభ్యుణ్ని పట్టుకోవాలా?

అమెరికా సైన్యం నుంచి బయటికొచ్చినవాళ్లకి డీడీ-214 (సర్వీసు వివరాలతో ఇచ్చే విడుదల పత్రం) అన్నిటికీ ఆధారం. ఇప్పటి ఫారంలో మెడల్స్ 13వ గడిలో ఉంటాయి. వియత్నాం కాలపు ఫారాల్లో ఏ ఏడాది ముద్రణ అన్నదాన్ని బట్టి 24 గానీ 26 గానీ చూడాలి. ఇంట్లో పెట్టెలో అసలు పతకమే ఉన్నా, ఆ గడిలో పేరు లేకపోతే ప్రభుత్వం లెక్కలో అది లేనట్టే.

దాన్ని ఎక్కించుకోడానికి మూడు దార్లున్నాయి. చాలామంది డీడీ-149 నింపి నేరుగా రికార్డుల సవరణ బోర్డుకి పంపేస్తారు. ఫారం పేరులోనే "రికార్డు సవరణ" అని ఉంది కదా అని. కింది స్థాయిలో అడిగి చూడకుండా వస్తే బోర్డు ఆ దరఖాస్తుని వెనక్కి పంపుతుంది, నెలలు వృథా. ఏ దారి మేలో తేలాలంటే ముందు ఒక సంగతి తెలియాలి: ఆ మెడల్ ఇచ్చినట్టు ఉత్తర్వు ఎక్కడైనా ఉందా? ఉత్తర్వు ఉండి గుమాస్తా ఎక్కించకపోవడం ఒక రకం. అర్హత ఉన్నా నిరూపించే కాగితం అరకొరగా ఉండటం ఇంకో రకం. ఆ రోజుల్లో ఎవరూ సిఫార్సే చేయకపోవడం మూడోది.

సెయింట్ లూయిస్ దారి

మిస్సోరీలోని సెయింట్ లూయిస్‌లో ఉన్న నేషనల్ పర్సనల్ రికార్డ్స్ సెంటర్‌కి ఎస్ఎఫ్-180 ఫారంతో గానీ, ఆన్‌లైన్‌లో ఈవెట్‌రెక్స్ ద్వారా గానీ రాయొచ్చు. మాజీ సైనికుడికి ఖర్చేమీ లేదు. సర్వీసు నుంచి వచ్చి 62 ఏళ్లు దాటితే ఫైలు ఆర్కైవ్ కిందకి వెళ్తుంది. అప్పుడు కాపీలకి రుసుము ఉంటుంది: 5 పేజీల లోపు 25 డాలర్లు, 6 గానీ అంతకు మించి గానీ అయితే 70 డాలర్లు.

ఫారం రెండో భాగంలో డీడీ-214 దగ్గర మాత్రమే టిక్ పెడితే మీ దగ్గరున్న ఆ కాగితమే మళ్లీ వస్తుంది. పూర్తి ఫైలు కావాలని టిక్ పెట్టాలి. ఆర్మీవాళ్ల ఫైల్లో డీఏ ఫారం 20 (సైనికుడి సర్వీసు వివరాల కార్డు) ఉంటే పని సగం అయినట్టే. 38వ అంశంలో ఏ యూనిట్లలో పనిచేశారో, ప్రవర్తనకీ సామర్థ్యానికీ ఏ మార్కులు వేశారో ఉంటుంది. 40లో గాయాలు, 41లో పతకాలు. 41లో ఉండి డీడీ-214లో లేకపోతే అది తేలిక కేసు. ఆ పేజీ కాపీ జోడించి, మెడల్ పేరు, ఉత్తర్వు నంబరు, తేదీ, జారీ చేసిన హెడ్‌క్వార్టర్స్ చెప్పి సవరణ అడగాలి. "నాకు రావాల్సిన మెడల్స్ అన్నీ ఇవ్వండి" అంటే జవాబూ అంతే అస్పష్టంగా వస్తుంది. సెయింట్ లూయిస్ ఫైలు చూసి నిర్ధారిస్తుంది. సవరణ పత్రం డీడీ-215 ఇచ్చేది మాత్రం ఆయా సర్వీసు శాఖ. ఇటీవల బయటికొచ్చినవాళ్ల రికార్డులు శాఖల దగ్గరే ఉంటాయి. ఎవరికి ఎక్కడికి పంపాలో ఎస్ఎఫ్-180తో వచ్చే పట్టికలో ఉంది.

తేదీలతోనే అర్హత తేలిపోయే మెడల్స్‌కి ఇదే దారి. నేషనల్ డిఫెన్స్ సర్వీస్ మెడల్‌కి 1961 జనవరి 1 నుంచి 1974 ఆగస్టు 14 వరకు ఒక కాలం, 2001 సెప్టెంబర్ 12 నుంచి 2022 డిసెంబర్ 31 వరకు ఇంకోటి. ఆ మధ్య గౌరవంగా యాక్టివ్ డ్యూటీ చేసి ఉంటే వాదనతో పనిలేదు. కొరియా డిఫెన్స్ సర్వీస్ మెడల్ సంగతి వేరు. 1954 జూలై 28 తర్వాత కొరియాలో వరసగా 30 రోజులు గానీ, విడివిడిగా 60 రోజులు గానీ చేసినవాళ్లకి అది వస్తుంది. కానీ ఆ మెడల్‌కి చట్టం వచ్చిందే 2002లో. 1970ల నాటి డీడీ-214లో అది లేకపోవడం ఎవరి తప్పూ కాదు, అడిగితే చేరుస్తారు. కోల్డ్ వార్ సర్టిఫికెట్ మాత్రం మెడల్ కాదు, గడిలోకి ఎక్కదు.

బోర్డు దారి

డీడీ-149 వెళ్లేది రికార్డుల సవరణ బోర్డుకి. ఆర్మీకి ఒకటి, నేవీకీ మెరైన్లకీ కలిపి ఒకటి, ఎయిర్‌ఫోర్స్‌కి ఒకటి, కోస్ట్ గార్డ్‌కి ఒకటి. తప్పు తెలిసిన మూడేళ్లలోపు పెట్టుకోవాలన్నది నియమం. న్యాయం కోసం ఆ గడువుని బోర్డు పక్కన పెట్టగలదు, అయితే ఆలస్యానికి కారణం ఫారంలో రాయాలి. ఆ గడి ఖాళీగా వదలొద్దు. చట్టం ప్రకారం నూటికి 90 కేసులు 10 నెలల్లో, ఏ కేసైనా 18 నెలల్లో తేలాలి. ఇంకో ఫారం, డీడీ-293, డిశ్చార్జి స్వభావం మార్చుకోడానికి. మెడల్‌కి అది పనికిరాదు.

బోర్డు మీ తరఫున పరిశోధన చేయదు. రికార్డు సరిగ్గానే ఉందని మొదలుపెడుతుంది. కాదని చూపించాల్సింది మీరు. పర్పుల్ హార్ట్ కేసులు ఎక్కువగా పోయేది ఇక్కడే. మూడూ ఉండాలి: గాయం శత్రు చర్య వల్లే అయ్యుండాలి, వైద్య సిబ్బంది చికిత్స చేసి ఉండాలి, ఆ చికిత్స అధికారిక రికార్డుకెక్కి ఉండాలి. కాలిలో ష్రాప్నెల్ (పేలుడు ముక్క) ఉందని వీఏ (మాజీ సైనికుల వ్యవహారాల శాఖ) వైకల్య పెన్షన్ ఇస్తోంది కాబట్టి సరిపోతుందనుకుంటారు. వీఏ చూసేది గాయం సర్వీసులో అయిందా లేదా అని మాత్రమే, ఎవరి చేతిలో అయిందన్నది కాదు. ఆ లోటు తీర్చడానికి కంపెనీ మార్నింగ్ రిపోర్టులు (యూనిట్‌లో మనుషుల మార్పులు రోజూ రాసే నివేదికలు, ఆర్మీకి 1974 వరకు ఉన్నాయి), క్యాజువాల్టీ జాబితాలు, ఆసుపత్రి రికార్డులు వెతకాలి. మార్నింగ్ రిపోర్టు అడిగేటప్పుడు డివిజన్ పేరు చాలదు. కంపెనీ, బెటాలియన్, రెజిమెంట్, నెల చెప్పాలి.

సాక్షుల వాంగ్మూలాలు పనికొస్తాయి గానీ, ముగ్గురూ ఒకే వాక్యాలు రాస్తే ఎవరో రాసిచ్చినట్టు ఇట్టే తెలిసిపోతుంది. ఎక్కడ నిలబడి చూశారు, ఎవరు కట్టు కట్టారు, హెలికాప్టర్ వచ్చిందా, ఇలాంటివి ఎవరి మాటల్లో వాళ్లు రాసి ప్రమాణపూర్వకంగా సంతకం చేయాలి.

గుడ్ కండక్ట్ మెడల్ విషయంలో బోర్డు కాస్త ఉదారంగానే ఉంటుంది. మార్కులన్నీ "ఎక్సలెంట్" అయ్యుండి, కమాండర్ వద్దన్న కాగితం ఫైల్లో లేకపోతే ఇచ్చిన సందర్భాలు చాలా ఉన్నాయి. కంబాట్ ఇన్‌ఫాంట్రీ బ్యాడ్జ్ దగ్గర ఆ ఉదారం కనపడదు. ఇన్‌ఫాంట్రీ (పదాతి దళం) కొలువులో, ఇన్‌ఫాంట్రీ యూనిట్‌లో ఉండి నేల మీద పోరాడినవాళ్లకే అది. ఫిరంగి దళంవాళ్లు ఎంత యుద్ధం చూసినా రాదు. కంబాట్ యాక్షన్ బ్యాడ్జ్ అడుగుదామంటే అది 2001 సెప్టెంబర్ 18కి ముందు వర్తించదు.

కాంగ్రెస్ దారి

శౌర్య పతకానికి అప్పట్లో సిఫార్సే జరగకపోతే బోర్డు కన్నా అమెరికా చట్ట సంహితలోని 10వ టైటిల్ 1130 సెక్షన్ మేలు. గడువు దాటిన సిఫార్సుని కాంగ్రెస్ సభ్యుడి ద్వారా సర్వీసు శాఖకి పంపి పరిశీలించమనే వెసులుబాటు అది. ఆర్మీ అయితే డీఏ ఫారం 638 (పతకం సిఫార్సు ఫారం), కళ్లారా చూసినవాళ్ల వాంగ్మూలాలు, ప్రశంసాపత్రం ముసాయిదా ఉండాలి. ఎవరికి వారు సిఫార్సు చేసుకోకూడదు. సంగతి స్వయంగా తెలిసిన నాటి అధికారి కావాలి. ఆయన పోయాక ఈ దారి దాదాపు మూసుకుపోయినట్టే. కాబట్టి ఈ ఒక్క రకం కేసులోనే తొందర అవసరం. పర్పుల్ హార్ట్ సిఫార్సుతో వచ్చేది కాదు, దానికి ఈ దారి వద్దు. మొదటి రెండు దార్లలో ఆలస్యమైతే కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసు ఆరా తీయగలదు (మీ వివరాలు చూసేందుకు అనుమతిచ్చే ప్రైవసీ రిలీజ్ పత్రం మీద సంతకం అడుగుతారు), అంతే తప్ప లేని సాక్ష్యాన్ని పుట్టించలేదు.

ఫైలే కాలిపోయి ఉంటే

1973 జూలై 12న సెయింట్ లూయిస్‌లో మంటలు లేచి, 1912 నవంబర్ 1 నుంచి 1960 జనవరి 1 మధ్య బయటికొచ్చిన ఆర్మీవాళ్ల ఫైళ్లలో సుమారు 80 శాతం పోయాయి. 1947 సెప్టెంబర్ 25 నుంచి 1964 జనవరి 1 మధ్య ఎయిర్‌ఫోర్స్‌వాళ్లలో, అక్షర క్రమంలో హబ్బర్డ్, జేమ్స్ ఇ. తర్వాతి పేర్ల ఫైళ్లు 75 శాతం దాకా పోయాయి. "రికార్డు లేదు" అన్న జవాబు చూసి బోర్డుకి పరిగెత్తొద్దు. ఎన్ఏ ఫారం 13075 (వైద్య రికార్డులకైతే 13055) నింపి పునర్నిర్మాణం అడగాలి. ఆఖరి జీతం వోచర్లు, సర్జన్ జనరల్ ఆఫీసు ఆసుపత్రి సూచికలు (1942–45, 1950–54) ఉంటాయి. వాటిని వెతికేది సర్వీస్ నంబరుతో. ఆర్మీ సోషల్ సెక్యూరిటీ నంబరుకి మారింది 1969 జూలైలో, కాబట్టి పాత నంబరు ఇవ్వకపోతే దొరికేవీ దొరకవు.

బోర్డు కాదంటే కొత్త ఆధారంతో మళ్లీ అడగొచ్చు. ఇంతకుముందు చూడని కాగితం జతచేస్తే ఎన్నేళ్ల తర్వాతైనా పరిశీలించాలని చట్టమే చెబుతోంది. పాత కాగితాలకే కొత్త ఉత్తరం జోడిస్తే లాభం లేదు.

డీడీ-215 చేతికొచ్చాక పాత 214ని పారేయొద్దు, రెండూ కలిపి ఉంచితేనే చెల్లుతుంది. వియత్నాం సర్వీస్ మెడల్ ఉంటే నక్షత్రాలు లెక్కపెట్టండి: పాల్గొన్న ఒక్కో క్యాంపెయిన్‌కి (యుద్ధంలో ఒక్కో ఘట్టానికి) ఒక కంచు నక్షత్రం, ఆర్మీ లెక్కలో మొత్తం క్యాంపెయిన్లు 17. పతకం పేరు సరిగ్గా ఎక్కి నక్షత్రాల దగ్గర తప్పు దొర్లడం మామూలే.