పరుగా, ఈతా? ఆస్తమా ఉన్నవారికి ఏది నయం

డిసెంబరు తెల్లవారుజామున నల్గొండ పక్కన పానగల్లు ఉదయసముద్రం కట్ట మీద పరుగెత్తి చూడండి. పరుగెత్తినంతసేపు బాగానే ఉంటుంది. ఆగాకే అసలు సంగతి: ఐదు, పది నిమిషాల్లో ఛాతీ బిగుసుకుంటుంది, పిల్లికూతలు మొదలవుతాయి. నోటితో వేగంగా పీల్చిన చల్లని పొడిగాలి శ్వాసనాళాల్లోని తడిని లాగేస్తుంది, అవి ముడుచుకుంటాయి. సాధారణంగా అరగంట, గంటలో సర్దుకుంటుంది.

ఈతలో అలా కాదు. నీటిమీది గాలి తేమగా ఉంటుంది కాబట్టి నాళాలు అంతగా ఎండవు.

ఖర్చు: పరుగుకు బూట్లు చాలు. ఈతకొలనుకు రుసుము కట్టాలి, వ్యవసాయ బావి ఉచితం.

శ్రమ: పరుగు ఎవరికైనా వచ్చు. ఈత నేర్చుకోవాలి.

ప్రమాదం: పరుగుకు చలి, దుమ్ము, రోడ్డు మీద ఆరబోసిన వడ్ల నూగు. ఈతకు క్లోరిన్ ఘాటు. కళ్లు మండేంత వాసన వస్తే నేనైతే గట్టు నుంచే వెనుదిరుగుతాను. ఇక బావిలో ఒంటరిగా దిగవద్దు. నడుమ ఆయాసం వస్తే చేతికి మెట్టు అందాలి కదా!

ఏదైనా పది నిమిషాలు ఒళ్లు వేడెక్కించుకోవాలి. డాక్టర్ రాసి ఉంటే, శ్వాసనాళాలను వదులుచేసే సాల్బుటమాల్ ఇన్‌హేలర్‌ను 10–15 నిమిషాల ముందే పీల్చాలి, తర్వాత కూడా దగ్గరే ఉంచుకోవాలి.

ఆస్తమా అదుపులో ఉండి, ఎండ ఎక్కాక తీరిక దొరికేవారికి పరుగు. చలిగాలికే ఆయాసపడేవారికి ఈత. రాత్రుళ్లు దగ్గుతో మేలుకుంటున్నవారు రెండింటినీ పక్కనపెట్టి ముందు డాక్టర్‌ను కలవాలి.