యూసీ ప్రెసిడెంట్ ఆఫీసు వాళ్ళ అప్లికేషన్ సర్వీస్ – 4 స్టార్లు

మా అబ్బాయి కోసం కాలిఫోర్నియా యూనివర్సిటీకి (యూసీ) అప్లై చేశాం, ఆ అప్లికేషన్ నడిపేది ఓక్లాండ్‌లో ఉన్న సిస్టమ్ (అంటే క్యాంపసులన్నీ కలిపి) ప్రెసిడెంట్ ఆఫీసు అని అప్పుడే తెలిసింది. ఒక్క ఫారం నింపితే 9 క్యాంపసులకి వెళ్ళిపోతుంది, 8 ప్రశ్నల్లో 4 రాస్తే చాలు, టీచర్ల లెటర్ల కోసం మామూలుగా వెంటపడక్కర్లేదు, నిజంగా హాయి. కాకపోతే ఫీజు మాత్రం క్యాంపస్‌కి విడివిడిగా కట్టాలి, అక్కడే ఒక స్టార్ కట్.

మావాడు ప్రెసిడెంట్‌కే మెయిల్ పెడదాం సీటు ఇస్తారేమో అన్నాడు 😄 ఆయన సీట్లివ్వరురా నాయనా, అది క్యాంపసులు చూసుకుంటాయి, ఒక్కో క్యాంపస్‌కి ఒక చాన్సలర్ ఉంటారు, పైన ప్రెసిడెంట్ బడ్జెట్, పాలసీ, రాజధాని సాక్రమెంటోలో రాష్ట్ర గవర్నమెంటుతో బేరాలు ఇవన్నీ చూసుకుంటూ యూనివర్సిటీ పాలకమండలి అయిన రీజెంట్స్ బోర్డుకి జవాబు చెప్పుకోవాలి. అదే రాష్ట్రంలో ఉన్న ఇంకో ప్రభుత్వ యూనివర్సిటీ కాల్ స్టేట్‌లో ఇది తలకిందులు, సిస్టమ్‌కి చాన్సలర్, క్యాంపస్‌కి ప్రెసిడెంట్, ఎవరు పెట్టారో ఈ పేర్లు!

ఆ కుర్చీ మెత్తనిదేం కాదు. కాలిఫోర్నియా ఉన్నత విద్యకి వేసిన 1960 మాస్టర్ ప్లాన్ వెనకున్న అప్పటి యూసీ ప్రెసిడెంట్ క్లార్క్ కెర్‌నే, రోనాల్డ్ రీగన్ రాష్ట్ర గవర్నర్ అయిన నెలలోనే, 1967 జనవరిలో రీజెంట్స్ తీసేశారు. అటు స్టూడెంట్స్, ఇటు రాజకీయం, మధ్యలో అడకత్తెరలో పోకచెక్క.

అప్లై చేసేవాళ్ళు ప్రెసిడెంట్‌ని వదిలేసి ఆ 4 జవాబులు బాగా రాయండి, సేవ్ చేసుకుంటూ రాయండి.